మూడు కొమ్మల అణువా, ఒంటి కొమ్మే చాలా? రెండు ఫోటాన్ల పనికి రంగు ఎంచుకునే ముందు

ఎంత చెట్టుకు అంత గాలి అంటారు. కొమ్మలున్న రంగు అణువుల విషయంలో ఆ మాట సగమే నిజం. గాలి తగిలినప్పుడు చెట్టంతా ఊగుతుంది. ఆ తర్వాత ఒకటి రెండు పికోసెకండ్లు (సెకండులో లక్ష కోట్ల వంతులు) తిరిగేసరికి, చాలా సందర్భాల్లో, ఊగేది ఒక్క కొమ్మే.

రెండు ఫోటాన్లను ఒకేసారి పీల్చుకునే రంగు కోసం వెతికేవాళ్లకి ముందుగా కంటపడేది, ఆ పీల్పు ఎంత బలమైనదో చెప్పే జీఎం అనే అంకె. అది ఎంత పెద్దదైతే అణువు అంత గొప్పదనిపిస్తుంది. కొమ్మలు పెరిగేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది కాబట్టి చూపు సహజంగానే మూడు కొమ్మల అణువుల మీదకి, కొమ్మల మీద కొమ్మలు పెరిగిన డెండ్రిమర్ల మీదకి పోతుంది. నేనూ అలాగే బోల్తా పడ్డాను. మొదటిసారి మైక్రోస్కోపు కోసం రంగు ఎంచుకున్నప్పుడు టొల్యూన్‌లో కొలిచిన అంకె చూసి మూడు కొమ్మలదాన్ని తీసుకున్నాను. నీళ్లున్న మాధ్యమంలో వేశాక అది వెలగడం దాదాపు మానేసింది. అణువు తప్పేమీ లేదు. అది టొల్యూన్‌లో ఇచ్చిన మాటని నేను నీళ్లలో నమ్మాను.

అందుకే నా లెక్కలో ఎంపిక ప్రశ్న "ఎంత పీల్చుకుంటుంది" అన్నది కాదు, "పీల్చుకున్నాక ఆ శక్తి ఎక్కడికి పోతుంది" అన్నది. మీ పని వెలుగు తీయడమా, ఆక్సిజన్‌ను రెచ్చగొట్టడమా, రెజిన్ గట్టిపరచడమా అన్నదాన్ని బట్టి దానికి జవాబు మారుతుంది.

పీల్చుకునేది ఒక స్థాయి, వెలిగేది ఇంకో స్థాయి

ఈ సంగతి తేలకపోతే మిగతా పోలికంతా గాలిలో దీపమే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

ఒక అణువు రెండు ఫోటాన్లను ఒకే క్షణంలో పీల్చుకోగలదని భౌతికశాస్త్రవేత్త మరియా గెప్పెర్ట్ మేయర్ గట్టింగెన్‌లో చేసి 1931లో అచ్చువేసిన తన డాక్టరేట్ సిద్ధాంత గ్రంథంలో లెక్కగట్టి చూపించింది. దాన్ని కళ్లతో చూడడానికి లేజర్ పుట్టేదాకా ఆగాల్సి వచ్చింది. 1961లో బెల్ ల్యాబ్స్‌లో కైజర్, గారెట్ యూరోపియం కలిపిన కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికం మీద ఎర్రటి రూబీ లేజర్ వేసి నీలి వెలుగు రాబట్టారు. జీఎం అన్న ప్రమాణం గెప్పెర్ట్ మేయర్ పేరే. ఒక జీఎం అంటే ఒక్కో ఫోటాన్‌కి 10⁻⁵⁰ సెంటీమీటర్⁴ × సెకండు. అంత చిన్న అంకె కాబట్టే ఫెమ్టోసెకండ్ (పికోసెకండులో వెయ్యో వంతు) లేజర్లు కావాల్సి వస్తాయి. మామూలుగా వాడే టైటానియం సఫైర్ లేజర్ సెకండుకి 8 కోట్ల పల్సులు, ఒక్కోటి సుమారు 100 ఫెమ్టోసెకండ్లు ఇస్తుంది. అంటే పల్సు ఉన్న క్షణంలో తీవ్రత సగటు కన్నా లక్ష రెట్లకు పైగా ఉంటుంది.

ఇక కొమ్మల సంగతి. ఒక చివర ఎలక్ట్రాన్ దాత, ఇంకో చివర గ్రాహకం ఉన్న కడ్డీలాంటి అణువును ఒక కొమ్మ అనుకోండి. అలాంటివి మూడింటిని మధ్యనున్న ఒకే కోర్‌కి 120 డిగ్రీల ఎడంతో తగిలిస్తే మూడు కొమ్మల అణువు అవుతుంది. ఒక్కో కొమ్మకీ సొంత ఉత్తేజిత స్థాయి ఉంటుంది. ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలిసేంత దగ్గరగా ఉంటే ఆ మూడూ కలిసి మూడు కొత్త స్థాయిలుగా విడిపోతాయి: పైన ఒకటి, కింద సమాన శక్తితో రెండు. పై స్థాయిలో మూడు కొమ్మల విద్యుదావేశాలూ ఒకే తాళంలో బయటికీ లోపలికీ కదులుతాయి. మూడు దిక్కుల లాగుడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి మామూలు ఒక్క ఫోటాన్‌కి ఆ స్థాయి కనబడదు. రెండు ఫోటాన్లకి మాత్రం అదే పెద్ద తలుపు. కింది జంట ఒక్క ఫోటాన్‌కి బాగా కనబడుతుంది, రెండు ఫోటాన్లకి కూడా కొంత తెరుచుకుంటుంది.

రెండు కొమ్మలు ఎదురెదురుగా ఉన్న సౌష్ఠవ అణువులో ఈ నియమం ఇంకా ఖచ్చితం. కింది స్థాయి ఒక్క ఫోటాన్‌కి, పై స్థాయి రెండు ఫోటాన్లకి. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మామూలు శోషణ శిఖరం 400 నానోమీటర్ల దగ్గర ఉంది కదా అని లేజర్‌ను 800 దగ్గర పెట్టి, ఏమీ రావడం లేదని టెన్షన్ పడతారు. అసలు శిఖరం 800 కన్నా పొట్టి తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది. ఒంటి కొమ్మ అణువుకి ఈ తంటా లేదు. దానికి రెండు రకాల పీల్పుకీ ఒకటే తలుపు, కాబట్టి రెట్టింపు లెక్క చాలావరకు పనిచేస్తుంది.

పై తలుపులోంచి లోపలికి వెళ్లాక ఏమవుతుంది? అణువు అక్కడ నిలవదు. సాధారణంగా కొన్ని వందల ఫెమ్టోసెకండ్ల లోపే కింది స్థాయికి జారుతుంది. మిగిలిన శక్తి కంపనాలుగా మారి, సుమారు పది పికోసెకండ్లలో చుట్టూ ఉన్న ద్రావణికి వేడిగా పోతుంది. వెలుగు వచ్చేది ఆ తర్వాత, నానోసెకండ్ల లెక్కలో, అన్నిటికన్నా కింది ఉత్తేజిత స్థాయి నుంచి. మైకేల్ కాషా 1950లో చెప్పిన నియమం ఇదే. అందుకే ఒక్క ఫోటాన్‌తో ఉత్తేజపరిచినా రెండింటితో పరిచినా ఫ్లోరెసెన్స్ (అణువు ఇలా ఇచ్చే వెలుగు) వర్ణపటం ఒకేలా రావాలి. రాకపోతే కొత్త భౌతికశాస్త్రం దొరికిందని సంబరపడకండి. ముందు గాఢత ఎక్కువై ద్రావణం తన వెలుగును తనే పీల్చుకుంటోందేమో, మలినం ఉందేమో చూడండి.

అసలు కథ ఆ కింది స్థాయిలో జరుగుతుంది. అక్కడికి దిగిన మరుక్షణం ఉత్తేజం మూడు కొమ్మల మీదా పరచుకుని ఉంటుంది. అలా ఎంతసేపు ఉంటుందన్నది కోర్ మీద, ద్రావణి మీద ఆధారపడి ఉంటుంది. కొమ్మల మధ్య బంధుత్వం గట్టిదైతే, చుట్టూ ఉన్నది టొల్యూన్‌లా ధ్రువత (అణువులో ఆవేశం ఒక పక్కకి ఒరిగి ఉండడం) లేని ద్రావణి అయితే, అది వెలుగు వచ్చేదాకా పరచుకునే ఉండొచ్చు. ధ్రువ ద్రావణిలో మాత్రం చుట్టుపక్కల అణువులు ఏదో ఒక కొమ్మ వైపు కొంచెం ఎక్కువగా తిరుగుతాయి. ఆ కొమ్మ శక్తి తగ్గుతుంది, ఉత్తేజం దానివైపు ఒరుగుతుంది. ఒరిగిన కొద్దీ ద్రావణి ఇంకా గట్టిగా తిరుగుతుంది. చివరికి మొత్తం ఒకే కొమ్మలో కూరుకుపోతుంది. దీన్నే ఉత్తేజిత స్థితిలో సౌష్ఠవం విరగడం అంటారు. పీల్చుకున్నది ముగ్గురు, వెలిగేది ఒక్కరు.

ముందున్న దారులు

ఒంటి కొమ్మ అణువుని చిన్నచూపు చూడొద్దని ముందే చెబుతాను. ఫ్లోరెసీన్, కూమరిన్ లాంటి చిన్న రంగులు జీఎం లెక్కలో పదుల్లోనే ఉండొచ్చు. అయినా రెండు ఫోటాన్ల మైక్రోస్కోపీని 1990లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్ చూపించిన నాటి నుంచి బోలెడు ప్రయోగాలు ఇలాంటి చిన్న రంగులతోనే నడిచాయి. కారణం సులువు. చిన్న అణువుని నీళ్లలో కరిగించడం తేలిక, ప్రొటీన్‌కి అతికించడం తేలిక, దాని వెలుగు ముందే తెలిసిన వెలుగు.

రెండు కొమ్మల సౌష్ఠవ అణువు నాకు అన్నిటికన్నా ఇష్టం. దాని వెనక ఉన్న పాఠం కొమ్మల లెక్క కన్నా విలువైనది. మార్డర్, పెర్రీ, వెబ్ తదితరులు 1998లో అచ్చువేసిన పనిలో ట్రాన్స్ స్టిల్బీన్ అనే సాదా అణువుకి 12 జీఎం వచ్చింది. దాని రెండు చివర్లా డైబ్యూటైల్ అమీన్ దాతల్ని పెట్టగానే అది 210 అయింది. ఒక్క కొమ్మా కలపకుండా, కేవలం ఆవేశం కదిలే దారి మార్చినందుకు, సుమారు 17 రెట్లు. ఇంత లాభం మూడో కొమ్మ కలిపినందుకు రాదు. చివర్ల నుంచి మధ్యకి, లేదా మధ్య నుంచి చివర్లకి ఆవేశం ఒకే తాళంలో కదిలే ఏర్పాటు ఉంటే రెండు ఫోటాన్లకి అది బాగా నచ్చుతుంది. దాతల బలం, ఎలక్ట్రాన్లు సాఫీగా సాగే మధ్యనున్న సంయుగ్మ వంతెన పొడవు, చదునుతనం సరిచూసుకున్నాక కూడా చాలకపోతేనే కొమ్మల వైపు వెళ్లాలన్నది నా అభిప్రాయం.

మూడు కొమ్మల అణువులకి పేరు తెచ్చింది 1999లో బఫెలోలో పరాస్ ప్రసాద్ బృందం చేసిన పని. ఒకటి, రెండు, మూడు కొమ్మల అణువులకి రెండు ఫోటాన్ల శోషణ సుమారు 1 : 3 : 7 నిష్పత్తిలో వచ్చింది. మూడు కొమ్మలకి మూడు రెట్లు రావాల్సింది ఏడు రెట్లు వచ్చిందంటే కొమ్మలు ఒకదానికొకటి సాయం చేస్తున్నాయన్నమాట. ఆ తర్వాత చాలామంది చాలా రకాల కొమ్మల్ని కట్టి చూశారు. కొన్నిటికి లాభం వచ్చింది, చాలావాటికి ఉట్టి కూడికే మిగిలింది. తేడా ఎక్కడుందో చూడాలంటే కోర్ దగ్గరకి వెళ్లాలి, ఆ మాట కింద చెబుతాను.

నాలుగోది డెండ్రిమర్. కొమ్మకి కొమ్మ, దానికి మళ్లీ కొమ్మ. వీటిలో ఆసక్తికరమైన వాడకం ఒకటే అని నాకనిపిస్తుంది: అంచుల్లో రెండు ఫోటాన్లను పీల్చే రంగుల్ని పెట్టి, మధ్యలో వేరే అణువుని పెట్టి, శక్తిని లోపలికి చేరవేయడం. ఫోర్‌స్టర్ పద్ధతిలో జరిగే ఆ బదిలీ దూరం ఆరో ఘాతానికి విలోమంగా పడిపోతుంది కాబట్టి కొమ్మల తరాలు పెరిగేకొద్దీ అంచు దూరమై లాభం తగ్గుతుంది. ప్రత్యేక అవసరం లేకపోతే వీటి జోలికి వెళ్లకండి. శుద్ధి చేయడంలోనే ఓపిక అయిపోతుంది.

కోర్ దగ్గరే సగం నిర్ణయం

కొమ్మల్ని కలిపే కోర్ మాట్లాడేదా, మూగదా అన్నది మొదట తేల్చుకోవాలి.

1, 3, 5 స్థానాల్లో కొమ్మలున్న బెంజీన్ కోర్ దాదాపు మూగది. మెటా స్థానాల (వలయంలో ఒకటి విడిచి ఒకటి) మధ్య సంయుగ్మం సరిగా సాగదు. ఒక కొమ్మలో జరిగేది పక్క కొమ్మకి పెద్దగా తెలియదు. అలాంటి అణువు మూడు ఒంటి కొమ్మల్ని ఒకే సంచిలో వేసినట్టు ఉంటుంది. మూడు రెట్ల అణుభారానికి మూడు రెట్ల శోషణ. గ్రాము లెక్కన చూస్తే లాభం సున్నా. నాలుగు వైపులా చేతులు చాచిన సంతృప్త కార్బన్ కోర్ కూడా ఇంతే, ఇంకా మూగది.

నత్రజని కోర్, అంటే ట్రైఫినైల్ అమీన్, మాట్లాడే కోర్. నత్రజని మీదున్న ఎలక్ట్రాన్ జంట మూడు కొమ్మలతోనూ ముచ్చటిస్తుంది. అందుకే ఇన్ని మూడు కొమ్మల అణువుల మధ్యలో ఇదే కనబడుతుంది. దీనికీ రెండు లోపాలున్నాయి. మూడు వలయాలూ ఒకే తలంలో పట్టవు, వాటి హైడ్రోజన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కాబట్టి అణువు ఫ్యాను రెక్కల్లా మెలిపడుతుంది. మెలిక ఎంత ఉంటే మాటలు అంత తగ్గుతాయి. రెండో లోపం ఇంకా సూక్ష్మమైనది. ఒకే దాత మూడు గ్రాహకాలకి పంచాలి. మూడో గ్రాహకం తగిలించే సమయానికి దాత చెయ్యి కొంచెం బిగుస్తుంది. ఒక కొమ్మ అణువులో ఉన్నంత ధారాళంగా ఆవేశం కదలదు. కొమ్మలు పెంచితే లాభం ఆశించినంత రాకపోవడానికి ఇది ఒక కారణం.

ట్రయజీన్ కోర్ దీనికి తలకిందులు. అది మధ్యలో కూర్చున్న గ్రాహకం. చివర్లలో మూడు దాతల్ని పెట్టుకోవచ్చు, పైగా చదునుగా ఉంటుంది. చివర్ల అమీన్లను మార్చుతూ పోవడం సింథసిస్ పరంగా కూడా సులువు. ట్రక్సీన్ లాంటి బిగువైన చదును కోర్‌లు మెలికల గొడవ తప్పిస్తాయి, కానీ వాటి కొమ్మలు కూడా మధ్య వలయానికి మెటా సంబంధంలోనే ఉంటాయి. చదునుగా ఉన్నంత మాత్రాన మాట్లాడుకుంటున్నాయని అనుకోవద్దు.

కోర్ మాట్లాడుతోందో లేదో తెలుసుకోవడానికి ఫెమ్టోసెకండ్ లేజర్ అక్కర్లేదు. ఒంటి కొమ్మ అణువు, మూడు కొమ్మల అణువు రెండింటి మామూలు శోషణ వర్ణపటాల్ని ఒకదాని మీద ఒకటి వేయండి. ఆకారం అదే ఉండి ఎత్తు మాత్రం మూడు రెట్లైతే కొమ్మలు మూగవి. శిఖరం ఎరుపు వైపు జరిగి ఆకారం మారితే ఏదో మాట నడుస్తోంది.

అది శోషణ సంగతి. వెలుగు సమయానికి ఆ మాట ఇంకా మిగిలి ఉందా అన్నదానికి ఇంకో చిన్న లెక్క ఉంది. క్వాంటం దిగుబడిని (పీల్చుకున్నదాంట్లో వెలుగుగా తిరిగొచ్చే వంతు) జీవితకాలంతో (ఉత్తేజం నిలిచే సగటు సమయం) భాగిస్తే వెలుగు రేటు వస్తుంది. దిగుబడి 0.7, జీవితకాలం 1.4 నానోసెకండ్లు అనుకుంటే సెకండుకి 5 × 10⁸. ఇదే లెక్క ఒంటి కొమ్మకీ వేయండి. ఉత్తేజం నిజంగా కొమ్మలన్నిటి మీదా పరచుకుని ఉంటే, కొమ్మలు ఉత్తేజాన్ని పంచుకుంటాయనే సాదా ఎక్సైటాన్ నమూనా ప్రకారం, రెండు కొమ్మల అణువు రేటు ఒంటి కొమ్మకి సుమారు 2 రెట్లు, మూడు కొమ్మలది 1.5 రెట్లు ఉండాలి. మూడు కొమ్మలకి మూడు రెట్లు ఎందుకు కాదంటే, మొత్తం బలాన్ని కింది జంట స్థాయిలు చెరి సగం పంచుకుంటాయి. రెండు రేట్లూ సమానంగా వస్తే వెలుగుతున్నది ఒక్క కొమ్మే. ఇది పైసా ఖర్చులేని పరీక్ష, ఎందుకో చాలామంది చేయరు. రెండు ద్రావణుల ధ్రువత, వక్రీభవన గుణకం వేరైతే రేటు కూడా కొంత మారుతుంది కాబట్టి ఒకే ద్రావణిలో పోల్చండి.

పీల్చిన వెలుగు దిశ వచ్చే వెలుగులో ఎంత మిగిలిందో చెప్పే ఎనైసోట్రపీ కొలిచే వీలుంటే అది కూడా చెప్పేస్తుంది. గడ్డకట్టిన గాజులాంటి మాధ్యమంలో ఒంటి కొమ్మ అణువు ఒక్క ఫోటాన్‌తో 0.4 దగ్గర మొదలై అక్కడే ఉంటుంది. ఒకే తలంలోని మూడు కొమ్మల మధ్య శక్తి గెంతుతూ ఉంటే అది 0.1కి దిగుతుంది. రెండు ఫోటాన్లతో కొలిస్తే పై హద్దు వేరు, ఒంటి కొమ్మకి 0.57 దాకా వెళ్లొచ్చు. అంకె 0.4 దాటిందని పరికరాన్ని అనుమానించకండి.

ద్రావణి చేసే పని

నేను బోల్తా పడింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సౌష్ఠవం విరిగే కొమ్మల అణువుకి ఒక గుర్తు ఉంటుంది. ద్రావణిని మార్చితే శోషణ శిఖరం పెద్దగా కదలదు, వెలుగు శిఖరం మాత్రం ధ్రువత పెరిగేకొద్దీ ఎరుపు వైపు పరుగెత్తుతుంది. పీల్చుకునేటప్పుడు అణువు సౌష్ఠవంగా ఉంది, ద్విధ్రువం (ఒక చివర ధన, ఇంకో చివర రుణ ఆవేశం) లేదు, కాబట్టి ద్రావణికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. వెలిగేటప్పటికి ఒక కొమ్మలో ఆవేశం పోగుపడి పెద్ద ద్విధ్రువం తయారైంది, ద్రావణి దాన్ని గట్టిగా పట్టుకుంది. టెరెంజియాని, పైనెల్లి, బ్లాంషార్ డెస్ తదితరులు 2006లో రెండు కొమ్మల అణువులకి దీన్ని నమూనాగా కట్టి చూపించారు. అన్ని అణువులూ విరగవని, దాత గ్రాహకాల కలయిక ఏ స్థాయిలో ఉందన్నదే నిర్ణయిస్తుందని వాళ్ల పని చెబుతుంది. ఉదాహరణకి స్క్వరేన్ రంగుల వెలుగు సన్నగా ఉండి, ద్రావణి మారినా పెద్దగా కదలదు.

విరగడాన్ని నేరుగా చూసింది జెనీవాలో ఎరిక్ వోథే బృందం, 2016లో. వాళ్లు ఎంచుకున్న అణువులో రెండు వైపులా కార్బన్ త్రిబంధాలున్నాయి. సౌష్ఠవం ఉన్నంతసేపు ఆ బంధాలు పరారుణంలో ఒకే గీతలా కనబడతాయి. విరిగితే రెండూ వేరువేరు పరిసరాల్లో ఉన్నట్టు రెండు గీతలవుతాయి. ధ్రువత లేని ద్రావణిలో ఒక గీత అలాగే ఉంది. ధ్రువ ద్రావణిలో అది కళ్లముందే రెండుగా చీలింది, అదీ ద్రావణి అణువులు తిరిగే వేగంతోనే. ఎసిటోనైట్రైల్ సగటున పికోసెకండులో మూడో వంతులోపే సర్దుకుంటుంది, మిథనాల్‌కి సుమారు 5 పికోసెకండ్లు పడుతుంది. నానోసెకండ్ల పాటు బతికే వెలుగు దృష్టిలో రెండూ తక్షణమే.

ఇందులో ఎంపికకి పనికొచ్చే మాట ఇది. ఉత్తేజం ఒక కొమ్మలో కూరుకుపోయాక మీ అణువు ఒక పెద్ద, బరువైన, ధ్రువత ఎక్కువైన ఒంటి కొమ్మ అణువు. వెలుగు ఎరుపుకి జరిగిన కొద్దీ శక్తి వేడిగా పోయే దారులు తెరుచుకుంటాయి. నీళ్లు, ఆల్కహాల్‌లాంటి హైడ్రోజన్ బంధాలిచ్చే ద్రావణుల్లో ఇంకా ఘోరం. గ్రాహకం చివర పోగుపడిన ఆవేశానికి అవి అంటుకుని జీవితకాలాన్ని బాగా తగ్గిస్తాయి. కాబట్టి నీళ్లలో పనైతే మూడు బలమైన గ్రాహకాలున్న అణువు కన్నా, మధ్యస్థ బలమున్న దాతలతో కట్టిన రెండు కొమ్మల అణువు మేలు. దాని జీఎం తక్కువే కావచ్చు, చివరికి చేతికొచ్చే వెలుగు ఎక్కువ. ధ్రువత లేని పాలిమర్ పొరలోనో, కొవ్వు పొరలోనో పనైతే లెక్క మారుతుంది. అక్కడ మూడు కొమ్మలకి నిజమైన అవకాశం ఉంది.

జీఎం అంకెను నమ్మే ముందు

రెండు ప్రయోగశాలల అంకెలు పక్కపక్కన పెట్టేముందు పల్సు వెడల్పు చూడండి. ఇది ఒక్కటి చూసినా సగం మోసాలు తప్పుతాయి. నానోసెకండ్ పల్సుతో కొలిస్తే, పల్సు మొదటి భాగం అణువుని కింది ఉత్తేజిత స్థాయికి చేరుస్తుంది, మిగతా భాగం ఆ ఉత్తేజిత అణువు చేత మూడో ఫోటాన్‌ని పీల్పిస్తుంది. అదంతా రెండు ఫోటాన్ల ఖాతాలో పడుతుంది. అంకె పది రెట్లు, ఒక్కోసారి వంద రెట్లు ఉబ్బుతుంది. కొమ్మల అణువుల ఉత్తేజిత శోషణ బలంగా ఉంటుంది కాబట్టి వీటికే ఈ ఉబ్బు ఎక్కువ. ఫెమ్టోసెకండ్ అంకెని ఫెమ్టోసెకండ్ అంకెతోనే పోల్చండి.

పద్ధతి విషయంలో నాది పక్షపాతమే: వెలిగే అణువుకి ఫ్లోరెసెన్స్ పద్ధతి, వెలగనిదానికి జెడ్ స్కాన్ (నమూనాని లేజర్ కేంద్రం గుండా జరుపుతూ దాటొచ్చే వెలుగును కొలిచే పద్ధతి). షేక్ బహే, వాన్ స్ట్రైలాండ్ తదితరులు 1989లో తెచ్చిన జెడ్ స్కాన్ తెలివైనదే, కానీ గాఢ ద్రావణం కావాలి, గాఢతలో పెద్ద అణువులు ముద్దకడతాయి. ఫ్లోరెసెన్స్ పద్ధతిలో లేజర్ శక్తిని మార్చుతూ, శక్తినీ వెలుగునూ లాగ్ స్కేల్ మీద గీస్తే వాలు 2 రావాలి. తక్కువొస్తే అణువులు నిండిపోవడమో చెడిపోవడమో జరుగుతోంది.

తర్వాత భాగహారం. జీఎంని అణుభారంతో భాగించాలా వద్దా అన్నది మీ పని చెబుతుంది. ప్రొటీన్‌కి ఒక్కటే రంగు అతికించే చోటుంటే అణువుకెంత అన్నదే లెక్క, అక్కడ పెద్ద అణువుది పైచేయి. కరిగే మోతాదు, కణం భరించే మోతాదు హద్దైతే గ్రాముకెంత అన్నదే చూడాలి, అక్కడ మూగ కోర్ అణువుకి పేరు గొప్ప ఊరు దిబ్బే.

పనిని బట్టి

మైక్రోస్కోపుకైతే జీఎంని క్వాంటం దిగుబడితో గుణించిన అంకె ఒక్కటే చూడండి, అదీ మీరు వాడబోయే ద్రావణిలో. 900 జీఎం, 0.05 దిగుబడి ఉన్న అణువు కన్నా 120 జీఎం, 0.8 ఉన్నది రెండు రెట్లు వెలుగునిస్తుంది. జీవితకాలం కూడా చూడాలి, పల్సుకీ పల్సుకీ మధ్య 12.5 నానోసెకండ్లే ఉంటాయి. వెలుగు సరిపోవడం లేదని లేజర్ పెంచకండి. రెండు ఫోటాన్ల ఉత్తేజంలో రంగు చెడిపోవడం శక్తి వర్గం కన్నా వేగంగా పెరుగుతుంది, పెంచినంత వెలుగు రాకముందే అణువు పోతుంది.

సింగ్లెట్ ఆక్సిజన్ (రెచ్చిపోయిన ఆక్సిజన్) పుట్టించే పనికి వెలుగు శత్రువు. ఉత్తేజం ట్రిప్లెట్ అనే ఎక్కువసేపు నిలిచే స్థాయిలోకి దిగాలి, ఆ ట్రిప్లెట్ శక్తి 0.98 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఉండాలి, లేకపోతే ఆక్సిజన్‌కి ఇవ్వడానికి ఏమీ ఉండదు. ఇక్కడ కొమ్మల అణువుకి నిజమైన ఉపయోగం దొరుకుతుంది. శక్తి చివరికి ఒకే కొమ్మకి చేరుతుందని తెలిసినప్పుడు, ఏ కొమ్మకి చేరాలో మనమే నిర్ణయించొచ్చు. మిగతా రెండింటి కన్నా కొంచెం తక్కువ శక్తి ఉన్న కొమ్మ ఒకటి పెట్టి, బ్రోమిన్‌లాంటి బరువైన పరమాణువుని దాని మీదే తగిలిస్తే, పీల్చేది అన్నీ, పనిచేసేది అదొక్కటే. సౌష్ఠవం చెడుతుంది, అంకె కాస్త తగ్గుతుంది, పోనివ్వండి.

రెజిన్‌లో సూక్ష్మ ఆకారాలు చెక్కే పనికి రెండు చివర్లా దాతలున్న రెండు కొమ్మల అణువు చాలు. అది మోనోమర్‌కి ఎలక్ట్రాన్ అప్పగించి రాడికల్ పుట్టించాలి, వెలుగు ఎంత తక్కువైతే అంత మంచిది. మూడో కొమ్మ అక్కడ కరగని బరువు.

లేజర్ దెబ్బ నుంచి సెన్సార్‌ని కాపాడే పొరలకి మాత్రం పైన తిట్టిన ఉబ్బే వరం. పల్సు నానోసెకండ్లదైతే ఉత్తేజిత శోషణ ఎంత బలంగా ఉంటే పొర అంత బాగా అడ్డుకుంటుంది. మూడు కొమ్మల అణువుని నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది దీనికి.

ఇవేవీ తేల్చుకోలేని స్థితిలో ఉంటే, మూడు కొమ్మలదాన్ని తయారు చేసేముందు ఒంటి కొమ్మదాన్నీ రెండు కొమ్మలదాన్నీ మాత్రమే చేయండి. రెండింటినీ మీ అసలు ద్రావణిలో వేసి దిగుబడి, జీవితకాలం కొలవండి. రెండు కొమ్మలదాని వెలుగు రేటు ఒంటి కొమ్మదానితో సమానంగా వస్తే, ఆ ద్రావణిలో మూడో కొమ్మ కూడా అలాగే చీకట్లో కూర్చుంటుంది. దాని కోసం ఇంకో ఆరు నెలలు శుద్ధి చేసే కాలమ్ ముందు నిలబడడం మీ ఇష్టం.